ముందు ముగింపు చెప్పమనే మగ్దలేనమ్మ

ముగింపు తెలియకుండా మగ్దలేనమ్మకు ఏ కథా గొంతు దిగదు. నూజివీడులో సినిమాకు వెళ్లిందంటే, మొదటి ఆట చూసి బయటికొచ్చేవాళ్లకు అడ్డంగా నిలబడుతుంది. "బాబూ, ఆ పిల్ల బతుకుతుందా?" బతుకుతుందంటే టికెట్టు కొంటుంది, లేదంటే తన ఊరు ముసునూరుకి ఆటో ఎక్కేస్తుంది. ఒక ఆదివారం పాస్టరుగారిని గుడి మెట్ల మీదే ఆపేసింది. "అయ్యగారూ, ఇవాళ ప్రసంగం చివర్లో మమ్మల్ని దీవిస్తారా, తిడతారా?" పాపం, ఆయనకు దీవించక తప్పలేదు.

అలాంటి మేనత్త ఇంటికి మామిడి కోతల రోజుల్లో తబితా ల్యాప్‌టాప్‌తో దిగింది. హైదరాబాదులో ఏళ్ల తరబడి అసిస్టెంట్ డైరెక్టరుగా చేశాక, ఇన్నాళ్లకు సొంత సినిమా తీసే అవకాశం వచ్చింది. నిర్మాత వరలక్ష్మిగారు కథ విని, "ట్రీట్‌మెంట్ రాసి పంపు, చూసి చెప్తాను" అన్నారు.

"ట్రీట్‌మెంటా? ఎవరికే? ఏమైంది?" నర్సుగా రిటైరైన మగ్దలేనమ్మ కంగారుగా మేనకోడలి నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"జబ్బుకి కాదత్తా, సినిమాకి. స్క్రిప్టుకి ముందు రాస్తారు. డైలాగులన్నీ ఉండవు. మొదట్నించి చివరిదాకా తెర మీద ఏం కనబడుతుందో, కళ్లముందే జరుగుతున్నట్టు రాయాలి. అది చదివే ఎక్కడ తియ్యాలో, ఎంత ఖర్చవుతుందో, అసలు తియ్యాలో వద్దో తేల్చుకుంటారు."

"ముగింపు కూడా ఉంటుందా?"

"ఉండాలి."

మగ్దలేనమ్మ మొహం వెలిగిపోయింది. "సినిమావాళ్లలో కూడా బుద్ధిమంతులున్నారన్నమాట! ఏదీ, చదువు."

తబితా చదివింది. పక్షవాతంతో తండ్రి మంచాన పడితే, కూతురు మామిడితోటలో కాయంతా లారీకెత్తించి తనే నడుపుకుంటూ బయల్దేరుతుంది. దారిలో గాలివాన. లారీ బురదలో దిగబడుతుంది. "తరువాత ఏమైంది? వెండితెరపై చూడండి!"

"ఇదేంటే?"

"సస్పెన్స్ అత్తా."

"నాకు సస్పెన్సు సరే. నీకు తెలుసా?"

తబితా ఫ్యాను వంక చూసింది. "...తెలీదు."

అలా అనేశాక ఆమెకు ప్రాణం కాస్త కుదుటపడింది. ఆ ఒక్క మాట దాచడానికి ఇన్నాళ్లూ ఎన్ని అందమైన వాక్యాలు రాసిందో!

తోటలో చెట్టు నీడన కూర్చుని ముగింపు రాసుకొచ్చింది. కూతురు లోడు అమ్మి తిరిగొస్తుంది. గేటు దగ్గర తండ్రి నిలబడి ఉంటాడు.

"నిలబడి ఉంటాడా?" మగ్దలేనమ్మ కళ్లజోడు తీసింది. "మంచంలో ఉన్నవాడు ఎట్టా లేచాడే? కాలూ చెయ్యీ ఆడించిందెవరు?"

తబితా నాలుక్కరుచుకుంది. ఈ సంగతి షూటింగు మధ్యలో బయటపడి ఉంటే, యూనిట్టంతా పని మానేసి చెట్ల కింద రసాలు జుర్రుకుంటూ కూర్చునేది. కాగితం మీదే దొరికింది కాబట్టి బతికిపోయింది. తండ్రి పడుతూ లేస్తూ నడక నేర్చుకునే సన్నివేశాలు మధ్యలో చేర్చి, పంపేసింది.

ఆపైన తిండి సయించలేదు. ఒక ఉదయం పక్కింటి ఇన్నమ్మ బుట్టెడు రసాలు తెచ్చి అరుగు మీద కూర్చునే సరికి ఫోను మోగింది. తబితా తెర మీద పేరు చూసి ఫోను అత్త ముందుకు తోసింది. మగ్దలేనమ్మ అందుకుని స్పీకరు నొక్కింది.

"తబితా, వరలక్ష్మిని. ట్రీట్‌మెంట్ చదివాను. మొదట్లో తోటని చూపించిన తీరు..."

"అమ్మా, తోట సంగతి తర్వాత. ముందు ముగింపు చెప్పండి. పిల్ల మొహం పాలిపోయింది."

అవతల పకపకా నవ్వు. "తీస్తున్నామండీ! లైన్లో ఉండండి, నేను రాసుకున్న సలహాలు తెచ్చుకుంటా."

తబితా అక్కడే చతికిలబడి, ఏడుపో నవ్వో తెలియకుండా మొహం కప్పుకుంది.

"ఈ సిస్టరమ్మ ఆసుపత్రిలోనూ ఇంతేనమ్మా" అంది ఇన్నమ్మ. "నా కోడలికి కాన్పు కష్టమైంది. డాక్టరుగారు బయటికొచ్చి, 'పేషెంటు వచ్చినప్పుడు బీపీ...' అని మొదలెట్టారు. నా కొడుకు జేమ్సు గోడ పట్టుకుని జారిపోతున్నాడు. ఈవిడ డాక్టరుగారిని తోసుకుంటూ వచ్చి, 'ఇద్దరూ క్షేమం! ఆడపిల్ల! ఇంక కూర్చుని బీపీ సంగతి విను' అని అరిచింది. ఎన్ని చీవాట్లు తిన్నా మానలేదు."

"చెడ్డ కబురైతే?" అడిగింది తబితా.

"అదీ నానబెట్టేది కాదు. కాకపోతే పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పేది. వాళ్లు లేచేదాకా తనూ లేచేది కాదు."

తబితా అత్త వైపు చూసింది. ఆవిడ గబగబా మొహం తిప్పుకుంది.

"చాల్లే ఇన్నమ్మా, నీకు పొద్దున్నే పనేం లేదా?" అంటూ ఒక రసాన్ని అరచేతుల్లో మెత్తగా నలిపి మేనకోడలి చేతిలో పెట్టింది. "తినవే ముందు."

ఫోన్లో వరలక్ష్మిగారి సలహాలు మొదలయ్యాయి. మోచేతి దాకా కారుతున్న రసాన్ని చప్పరిస్తూ, తబితా అన్నిటికీ హాయిగా ఊ కొట్టింది.