చంద్రవ్వను బావిలోంచి తీసింది నేనే

ఎక్కడైనా కథ చెబుతున్నారంటే నేను అక్కడ కూర్చోలేను. మధ్యలోనే లేచి వచ్చేస్తాను. ఇంట్లోవాళ్లు నాకు నడుం నొప్పి అనుకుంటారు. నడుం బాగానే ఉంది. యాభై ఏళ్లకు పైగా మోస్తున్న బరువు వేరే చోట ఉంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో నవ్వు వస్తే నవ్వండి. నాకూ వస్తుంది. తప్పు చేసినదానికి నవ్వు రావచ్చా అని నన్ను నేనే అడుక్కుంటాను.

బిక్షపతి తాత కథలు చెప్పేవాడు. పంటలు ఇంటికొచ్చాక తంబుర పట్టుకుని మా దిక్కు ఊళ్లు తిరిగేవాడు. ఆయన చంద్రవ్వ కథ ఏడు రోజులు సాగేది. దేవరకొండ దగ్గర మా పుట్టినూళ్లో, పెళ్లికి ముందు, దాన్ని మొత్తం విన్నాను. చంద్రవ్వ దొర గడీలోంచి తప్పించుకుంటుంది. తన బర్రె తోక పట్టుకుని వరదలో కృష్ణ దాటుతుంది. అవతలి ఒడ్డున పులిని గదమాయిస్తుంది. ఏడో రోజు ఇల్లు చేరితే మొగుడు "ఇన్నొద్దులు యాడున్నవ్?" అని ఒక్క మాట అంటాడు. అంతే, పోయి బావిలో దూకి చచ్చిపోతుంది. మొగుడు ఏడ్చి గుడి కట్టిస్తాడు. మంగళం.

నాకు ఒళ్లు మండింది. వరదలో కృష్ణ దాటిన మనిషి దిగుడుబావిలో ఎలా మునుగుతుంది? ఎవరినడిగినా "కథ అంటే గంతేనే" అన్నారు.

పెళ్లయి అత్తగారింటికి వచ్చిన ఏడాది తాత ఆ ఊరికీ వచ్చాడు. ఆరు రోజులు చెప్పాడు. ఏడో రోజు పొద్దున్నే రజాకార్లు వస్తున్నారని కబురొచ్చింది. తాత ఒక దిక్కు పోయాడు, మేం ఆడవాళ్లం గుట్టెక్కాం. ఆ తర్వాత చాలా రోజులు అదే మా బతుకు. తెల్లవారగానే గుట్టెక్కడం, సీతాఫలం పొదల వెనక పొద్దుగూకేదాకా చప్పుడు లేకుండా కూర్చోవడం. మనిషి ఎంతకాలమని భయపడుతుంది? మా అత్త పెంటవ్వకు భయపడీ భయపడీ విసుగొచ్చింది.

"చంద్రవ్వ ఇల్లు చేరిందానే? నువ్వు ఇన్నవు గద, చెప్పు."

చెప్పబోయాను. ఎదురుగా ఉన్న మొహాలు చూశాను. వాళ్లొస్తే ఏ బావిలో దూకాలో ముందే అనుకుని పెట్టుకున్నవాళ్లు మాలో ఇద్దరున్నారు. వాళ్లకు ఆ ముగింపు ఎలా చెప్పను?

అందుకని మార్చాను. చంద్రవ్వ బావిలో దూకింది, నిజమే. సుబ్బరంగా స్నానం చేసి, మెట్లెక్కి ఇవతలికి వచ్చింది. తొంగి చూస్తున్న మొగుడు కాలు జారి లోపల పడ్డాడు. వాడికి ఈత రాదు. ఆమె తాడు లోపలికి వదిలి, వాణ్ణి సగం దాకా లాగి, "అన్న మాట వాపసు తీసుకుంటవా?" అని అడిగింది. వాడు నసిగాడు. మళ్లీ ముంచింది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఇంకో రెండు సార్లు ముంచమని మా అత్త పట్టుబట్టింది. ముంచాను.

అప్పుడు ఆమెకు అనుమానం వచ్చింది. "నిజంగ గిట్లనే ఉందా, నువ్వు కల్పిస్తున్నవా?"

నాది అంటే ఆ నవ్వు అక్కడే ఆరిపోతుందనిపించింది. నిన్నగాక మొన్న వచ్చిన కోడలి కథకు విలువేముంటుంది?

"బిక్షపతి తాతనే చెప్పిండు," అన్నాను.

యూనియన్ సైన్యం వచ్చింది, రజాకార్లు పోయారు, మేం గుట్ట దిగాం. పంటలయ్యాక తాత వచ్చి, ఆగిపోయిన ఏడో రోజు కథ చెబుతానన్నాడు. మధ్యాహ్నం కల్లంలో ఊరంతా కూర్చుంది. చంద్రవ్వ బావిలో దూకింది. ఆడవాళ్లందరూ నవ్వడానికి సిద్ధంగా ముందుకు జరిగారు. తాత మంగళం పాడాడు.

మా అత్త లేచింది. "తాతా, తాడేది?"

"ఏం తాడు?"

"మొగని ముంచిన తాడు. నువ్వే చెప్పినవట మా కోడలికి."

అందరూ నా వైపు తిరిగారు. తాత నన్ను దగ్గరికి పిలిచాడు. ఆయన గొంతులో కోపం లేదు, అడుగుతున్నాడంతే.

"బిడ్డా, నేను గట్ల చెప్పిన్నా?"

ఒక్క 'లేదు' చాలు. అత్త చూస్తూనే ఉంది. "చెప్పినవు తాతా. మా ఊళ్లె, నీకు జెరమొచ్చిన నాడు."

ఆయన తంబుర కింద పెట్టాడు. "జెరమైతె వచ్చింది," అన్నాడు. నా చేత మొత్తం చెప్పించుకుని విన్నాడు. "మంచిగనే ఉంది. మరి బర్రె ఏమాయె?"

బర్రెను నేను మరిచేపోయాను. "ఇంటికి వోయింది," అన్నాను.

"ఆరొద్దులు ఎంటున్న బర్రెను గట్ల ఇడుస్తరా?" అని, అక్కడికక్కడే ఆ తాడును బర్రె చేత లాగించి కథ మళ్లీ చెప్పాడు. నా కథ కంటే పదింతలు బాగుంది. జనం ఊగిపోయారు. నేను మాత్రం తల ఎత్తలేదు.

ఆ తర్వాత ఏ ఊళ్లోనైనా ఆయన కథ మధ్యలో ఆగి, "గిది గిట్లనేనా?" అని జనాన్ని అడగడం మొదలుపెట్టాడట. అడిగితే జనం ఊరుకుంటారా? ఒక ఊళ్లో చంద్రవ్వకు మారుమనువు చేయించారు. ఇంకో ఊళ్లో పులిని ఇంటికి తెచ్చి పెంచించారు. అన్నింటికీ ఆయన, "చెప్పిన్నేమో," అని తలూపేవాడట. ఈ కబుర్లు వింటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెంటనే ఆ 'చెప్పిన్నేమో' గుర్తొస్తుంది.

కథ నచ్చకపోవడం తప్పా? మార్చడం తప్పా? కాదనే అనుకుంటాను. ఆ గుట్ట మీద మళ్లీ కూర్చోబెడితే మళ్లీ మారుస్తాను. నా ముగింపును నాది అని చెప్పుకోకుండా ఆయన నోట్లో పెట్టానే, అడిగినప్పుడైనా వెనక్కి తీసుకోలేదే, అదీ నా తప్పు. ఆయన కథనే కాదు, ఆయన జ్ఞాపకాన్నీ మార్చేశాను.

చివరిసారి వచ్చినప్పుడు తాత చేతిలో తంబుర లేదు. మా అరుగు మీద కూర్చుని అంబలి తాగి అన్నాడు: "మా నాయిన నేర్పిన ముగింపు ఏందో నాకిప్పుడు తెలుస్తలేదు బిడ్డా. నీకేమన్న యాదున్నదా?"

లోపల అత్త ఉంది. "లేదు తాతా," అన్నాను.

ఆ ఎండాకాలమే ఆయన పోయాడని కట్టంగూర్ నుంచి వచ్చినవాళ్లు చెప్పారు.

యాదున్నది. అక్షరం పొల్లుపోకుండా యాదున్నది. అప్పుడు అనలేదు. ఇప్పుడు రాశాను.