కొల్లేటి ఒడ్డున క్లోజప్ పాఠం

తాడేపల్లిగూడెం హైస్కూల్లో నేను సైన్సు మాస్టరుని. అంతకుముందు ఏడాదిపాటు మద్రాసులో ఒక స్టూడియోలో కెమెరా సహాయకుడిగా పనిచేశాను. ఈ ప్రాంతానికి టాకీలు వచ్చినప్పటినుంచి పిల్లలు బడి వదలగానే నన్ను చుట్టుముట్టి, షాట్ అంటే ఏమిటి, క్లోజప్ అంటే ఏమిటి అని అడగసాగారు. నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెప్పాను. తలూపారు గాని అర్థమైనట్టు లేదు. ఇంతలో మద్రాసు స్నేహితుడొకడు కీ ఇస్తే తిరిగే చిన్న చేతి కెమెరా, నూరడుగుల ఫిలిం చుట్ట పంపాడు. నూరడుగులంటే నాలుగు నిమిషాల బొమ్మ. చెరిసగం తీసేలా ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకుని కొల్లేరు బయలుదేరాను.

తెల్లవారుజాము పాసింజరు ఎక్కితే ఏడున్నరకి ఏలూరు. మూడో తరగతి టిక్కెట్టు ఏడణాలు. దెందులూరు దాటగానే సామాన్లు సర్దుకోవడం మంచిది. స్టేషను బయట ఇడ్లీలు తిని, రూపాయికి ఎడ్లబండి మాట్లాడుకున్నాం. కోతలైన వరిచేల మధ్య దక్షిణంగా సాగి, పది దాటాక కొల్లేటి ఒడ్డు చేరాం. అక్కడ ఏశుదాసు అనే పెద్దాయన తన తాటిదోనెలో రోజంతా తిప్పడానికి ఎనిమిదణాలకు ఒప్పుకున్నాడు.

మొదటి వంతు పురోహితుల అబ్బాయి సుబ్రహ్మణ్యానిది. దోనె మలుపు తిరిగేసరికి వందల గూడబాతులు ఒక్కసారిగా లేచాయి. కీ అయిపోయినప్పుడల్లా మళ్ళీ తిప్పుకోవడానికి తప్ప అతను మీట మీద నుంచి వేలు తీయలేదు. నేనూ నోరు తెరుచుకుని ఆకాశంకేసి చూస్తూ ఉండిపోయాను. తీరా కెమెరా చూసుకుంటే మిగిలింది పదిహేను అడుగులే.

రెండో వంతు కోసం కూర్చున్న సత్యానందం, చర్చి బడి పంతులుగారి అబ్బాయి, నీళ్ళకేసి తిరిగాడు.

"తప్పు నాదే సత్యానందం. నేను చూసుకోవలసింది," అన్నాను.

"పర్లేదండీ మాస్టారండీ," అన్నాడు. సుబ్రహ్మణ్యం తలెత్తలేదు.

మధ్యాహ్నం ఏశుదాసు ఇల్లున్న లంకలో దిగాం. ఆయన భార్య మార్తమ్మ కొర్రమీను పులుసుతో అన్నం పెట్టింది. సుబ్రహ్మణ్యం తెచ్చుకున్న పెరుగు అటుకులు తిన్నాడు. ఆ పెట్టె ఏమిటని ఆవిడ అడిగితే, సత్యానందం ముభావంగానే చెప్పాడు: దూరంగా తీస్తే లాంగ్ షాట్, కాస్త దగ్గరైతే మిడ్ షాట్, ముఖం ఒక్కటే అయితే క్లోజప్ అని.

"అంతేనా బాబూ! రోజూ సాయంత్రం మా ఆయన్ని నేను చూసేది అలాగేనండీ," అందావిడ. "ముందు నీళ్ళమీద చుక్క. తర్వాత దోనె, గెడ వేసే మనిషి. ముఖం ఆనవాలు దొరికాక గాని ఎసరు పెట్టను. గాలివానలో ఒకసారి చుక్క కనపడ్డానికే రెండు రోజులు పట్టిందండీ."

సత్యానందం లేచి నిలబడ్డాడు. "మామ్మగారూ, తాతగారిని ఒకసారి దూరం వెళ్ళి రమ్మంటారా?"

ఏశుదాసు దోనె తోసుకుని వెళ్ళి, వెనక్కి తిరిగాడు. చుక్కకి మూడడుగుల ఫిలిం ఖర్చయింది. దోనెకి ఐదు. గట్టు చేరేసరికి పెద్దాయన కెమెరాని చూసి కర్రలా బిగుసుకుపోయాడు. సత్యానందం మీట నొక్కకుండా ఆగాడు. అప్పుడు మార్తమ్మ, "ఏంటయ్యా, పెళ్ళినాడు కూడా ఇలాగే నిలబడ్డావు!" అంది. ఆయన నవ్వాడు. కెమెరా గిర్రున తిరిగి, ఫిలిం అయిపోయి ఆగింది.

ఐదు వారాలకు రీలు కడిగి వచ్చింది. అరువు తెచ్చిన ప్రొజెక్టరుతో బడి గోడమీద వేస్తే పక్షులు ఈగల్లా ముసురుకుని, ఆకాశం ఊగిపోయింది. ఆ తర్వాత చుక్క, దోనె, ఏశుదాసు నవ్వు. ముందుగా చప్పట్లు కొట్టింది సుబ్రహ్మణ్యమే.

ఏశుదాసు ముఖాన్ని ఏలూరులో ఫోటోగా అచ్చు వేయించి, సత్యానందం లంకకి పట్టుకెళ్ళాడు. మార్తమ్మ చాలాసేపు చూసి, "బాగుందండీ బాబూ. ఈయన ఎంత దూరంనుంచి వచ్చేడో ఇందులో లేదేంటండీ?" అందట. అతను మిగతా రెండూ అచ్చు వేయించి మళ్ళీ వెళ్ళాడు.

ఇప్పుడు నేను నల్లబల్ల మీద మొదట గీసేది ముఖం కాదు, ఒక చుక్క. అది ఎవరని పిల్లలు అడిగేదాకా ఆగుతాను. అడిగాకే పాఠం మొదలవుతుంది. కెమెరాతో కొల్లేరు వెళ్ళేవారికి ఒక్క మాట: ఎవరి వంతు ఎన్నడుగులో చీటీ మీద రాసి, దోనె ఎక్కకముందే కెమెరాకి అంటించండి. పక్షులు లేచాక ఎవరికీ గుర్తుండదు.