మరదలి మెడకో డ్రిల్లు

విజిల్ బావకి ఏ పనైనా ఒక్కసారే చెయ్యడం చేతకాదు. ముందు ఉత్తుత్తిగా చెయ్యాలి, ఆ తర్వాతే నిజంగా. దాన్ని ఆయన డ్రిల్లు అంటాడు, ఇంట్లోవాళ్ళు ఖర్మ అంటారు. తన పెళ్ళికి ముందురోజు అత్తగారిచేత కూతుర్ని సాగనంపే డ్రిల్లు చేయించి, ఏడుపు చాల్లేదని మళ్ళీ ఏడిపించాడట. పెళ్ళినాడు పాపం ఆవిడకి కన్నీళ్ళు మిగల్లేదు. పెళ్ళికొచ్చినవాళ్ళు, పిల్లని వదిలించుకున్నందుకు తల్లి ఎంత నిశ్చింతగా ఉందో చూడమని చెవులు కొరుక్కున్నారు.

ఆయన సబ్బుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేశాడు. నిప్పంటుకుంటే ఎలా పరిగెత్తాలో కార్మికులకి నేర్పడం ఉద్యోగం. ఆయన ఉన్నంతకాలం ఆ ఫ్యాక్టరీలో అగ్గిపుల్లంత నిప్పు కూడా పుట్టలేదు. విరిగిన కాళ్ళూ చేతులూ అన్నీ డ్రిల్లుల్లో విరిగినవే. రిటైరైన రోజు కార్మికులందరూ కళ్ళు తుడుచుకున్నారు. అవి ఆనందబాష్పాలని బావకి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మెడలో విజిల్ మాత్రం ఆయన తిరిగి ఇవ్వలేదు. దాంతో ఫ్యాక్టరీకి పట్టిన శని ఇంటికి బదిలీ అయింది.

ఒకసారి దొంగల డ్రిల్లు పెట్టాడు. దొంగ పాత్ర ఇంకెవరికీ నప్పదని తనే కిటికీలోంచి దూకాడు. ఆ డ్రిల్లు సంగతి భార్యకి ముందుగా చెప్పడం మరిచిపోయాడు. ఆవిడ అప్పడాల కర్రతో రెండు తగిలించింది.

"డ్రిల్లు దిగ్విజయం!" అన్నాడు బావ, నడుం పట్టుకుని మూలుగుతూ.

ఈ బావని వెక్కిరించే హక్కు పూర్తిగా మరదలిది, అంటే ఆయన భార్య చెల్లెలిది. ఆమె బస్టాండులో బస్సుల రాకపోకలు మైకులో చెబుతుంది. ఆమె గొంతు విన్నాక గానీ డ్రైవరు గేరు వెయ్యడని, ప్రయాణికుడు టీ గ్లాసు కింద పెట్టడని పేరు. అటువంటి గొంతు ఉన్న మెడలో, ఒకరోజు అద్దం ముందు మంచినీళ్ళు తాగుతుంటే, ఏదో లిఫ్టులా పైకీ కిందికీ వెళ్ళడం కనిపించింది.

డాక్టరమ్మ స్కాను చేయించింది. "థైరాయిడ్ గ్రంథిలో గడ్డలున్నాయమ్మా. చాలామందికి ఉంటాయి. చాలావరకు ఏమీ చెయ్యవు. ఒకటి మాత్రం కాస్త పెద్దది. సన్నసూదితో కొంచెం తీసి పరీక్షకి పంపిద్దాం. బయాప్సీ అంటే అంతే."

"చాలామందికి ఉంటాయి" అనే మాట చెప్పేవాళ్ళకి చాలా ఊరట. వినేవాళ్ళకి ఉన్న మెడ మాత్రం ఒక్కటే కదా! మరదలికి ఇక రాత్రీ పగలూ ఒకటే ఆలోచన. ఆ సూది కాస్త పక్కకి పోతే? ఆ గడ్డ మంచిది కాకపోతే? మైకు ముందు వేరే ఎవత్తో కూర్చుంటే? జలుబు చేసిందని ఒకసారి, చుట్టాలొచ్చారని ఒకసారి బయాప్సీ వాయిదా వేసింది. జలుబూ రాలేదు, చుట్టాలూ రాలేదు.

వింతేమిటంటే ఈ కబురు విన్న బావ విజిల్ ఊదలేదు. డ్రిల్లు మాట ఎత్తలేదు. "ఊఁ" అని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు కనిపించలేదు. మనిషికి బుద్ధొచ్చిందని మరదలు బెంగపడుతున్నంతలో, మండుటెండలో మెడకి మఫ్లరు చుట్టుకుని భార్యతో సహా దిగాడు.

"ఏంటి బావా ఆ మఫ్లరు? చలికాలానికి ఇప్పట్నుంచే డ్రిల్లా?"

"జలుబు. మాట మార్చకు. భోజనాల బల్ల ఎక్కి పడుకో."

"నన్ను వడ్డిస్తావా ఏంటి?"

బావ విజిల్ ఊదాడు. ఎదురింటివాళ్ళ కుక్క అలవాటు ప్రకారం మంచం కిందికి దూరింది.

మరదలు బల్లెక్కింది. బావ దిండు తెచ్చాడు. "తలకింద కాదే, భుజాల కింద! తల వెనక్కి వాలాలి. అలా. ఇప్పుడు చల్లగా జెల్లీ రాస్తారు." ఆ జెల్లీకి బదులు షేవింగ్ క్రీము. అది చల్లబడడానికి పొద్దున్నుంచీ బావ ఇంట్లో ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన ఉంది.

"గడ్డం గీస్తావా బావా?"

విజిల్. "పేషంటు మాట్లాడకూడదు! మింగకూడదు, కదలకూడదు. నర్సూ, సూది!"

నర్సు అంటే అక్క. ఆవిడ పళ్ళు కుట్టుకునే పుల్ల అందిస్తూ, "ఏవండీ, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయండీ," అంది.

"పరీక్ష మధ్యలో నర్సు పాల సంగతి మాట్లాడకూడదు!"

"అయితే నర్సు రాజీనామా," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బావ చలించలేదు. "ఇప్పుడు పైకి చూడు. దీపం పక్కన చెమ్మ మరక ఉంటుంది, తొండం ఎత్తిన ఏనుగులా. దాని తోక ఎక్కడుందో వెతుకు. నువ్వు తోక పట్టుకునేలోగా అయిపోతుంది. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

"మా ఇంటి పైకప్పుకి బూజు తప్ప ఏనుగుల్లేవు బావా."

"ఉందనుకోవే! డ్రిల్లంటేనే లేనిదాన్ని ఉందనుకోవడం."

రోజూ ఇదే తంతు. నవ్వితే విజిల్, దగ్గితే విజిల్, గుటక వేస్తే మొదట్నుంచి. చివరికి మరదలు మెడ మీది క్రీము తుడుచుకుంటూ లేచి, "నీ చేతిలో పడడం కన్నా ఆ డాక్టరు సూదే నయం. రేపే వెళ్తాను!" అంది.

"వెళ్ళమనే కదా చెప్పేది," అన్నాడు బావ మఫ్లరు సర్దుకుంటూ.

మర్నాడు ఆసుపత్రిలో మరదలు చెప్పకుండానే దిండు లాక్కుని భుజాల కింద పెట్టుకుంది. జెల్లీ చల్లగా తగిలింది. అలవాటైన చల్లదనమే, వాసనే కొంచెం నాసి. "మింగకండి," అంది డాక్టరమ్మ. సూది పైకి లేచింది. మరదలు కళ్ళు పైకెత్తింది.

దీపం పక్కన చెమ్మ మరక. తొండం ఎత్తిన ఏనుగు.

సూది ఎప్పుడు దిగిందో, ఎన్నిసార్లు దిగిందో మరదలికి తెలియదు. ఆ ఏనుగు ఈయనకెలా తెలుసన్న ఆలోచనలోనే పరీక్ష పూర్తయింది. తోక సంగతి మరిచేపోయింది.

"డాక్టరుగారూ, ఆ మరక..."

డాక్టరమ్మ పైకి చూసి నవ్వింది. "ఓహో! విజిల్ పెద్దాయన మీ బావగారేనా? గొంతులో ఏదో అడ్డుపడిందని వచ్చారు. చూస్తే ఏమీ అడ్డుపడలేదు. మా మరదలికి చేసే పరీక్ష ముందు నాకు చెయ్యండని ఒకటే గొడవ. అలా కుదరదన్నాను. పోనీ కదాని స్కాను చేస్తే నిజంగానే గడ్డ కనిపించింది, మీదానికన్నా పెద్దది! బయాప్సీ తప్పలేదు. సూది చూడగానే విజిల్ ఊదేశారు. ఈ అంతస్తులో ఉన్నవాళ్ళంతా మెట్లు దిగి రోడ్డు మీద నిలబడ్డారమ్మా, సెలైన్ సీసాలతో సహా! ఆ రిజల్టు ఎప్పుడో వచ్చింది. ఫోను చేస్తే ఎత్తరు."

బయట బెంచీ మీద బావ విజిల్ నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. మరదలు తిన్నగా వెళ్ళి మఫ్లరు లాగేసింది. మెడ మీద సూది దిగినచోట కమిలిన మచ్చ, పసుప్పచ్చగా మారుతోంది.

"నీకెవరు పెట్టారు బావా డ్రిల్లు?"

బావ నేలచూపులు చూశాడు. "ఎవరూ పెట్టలేదు."

"డ్రిల్లు లేకుండా బల్లెక్కావా? నువ్వా?"

"ఎవరో ఒకరు ముందెళ్ళి మెట్లు ఎలా ఉన్నాయో చూసి రావాలి కదే. చూడకుండా జనాన్ని ఎలా పరిగెత్తిస్తాం?"

మరదలు మఫ్లరు తిరిగి బావ మెడకే చుట్టింది. ఆ వెంటనే గదమాయించింది. "మరి రిజల్టు తీసుకోవేం? అక్కకి చెప్పావా?"

"నీది కూడా రానీ అని..." బావ నసిగాడు. "అయినా, అది వినడానికి డ్రిల్లు ఎలా పెట్టాలో తెలీలేదే."

మరదలి రిజల్టు వచ్చే రోజున ఇద్దరూ అదే బెంచీ మీద కూర్చున్నారు. మరదలు బావ మెడలోంచి విజిల్ తీసి తన మెడలో వేసుకుంది. "పేషంటు నిటారుగా కూర్చోవాలి. కాళ్ళు ఊపకూడదు. డాక్టరుగారు నోరు తెరిచారనుకో, ముందు ఊపిరి పీల్చాలి. ఏదీ, పీల్చు." బావ పీల్చాడు. "చాల్లేదు, మొదట్నుంచి!"

"మరీ రాక్షసివే నువ్వు," అన్నాడు బావ, బుద్ధిగా మళ్ళీ పీలుస్తూ.

లోపలికి పిలిచారు. డాక్టరమ్మ ఒకరి తర్వాత ఒకరిని చూసి, "ఇద్దరివీ మామూలు గడ్డలే. భయం లేదు. ఏడాదికోసారి స్కాను చేయించుకోండి, చాలు," అంది.

మరదలు కుర్చీలో వెనక్కి వాలిపోయింది. బావ మాత్రం ముందుకి వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"డాక్టరుగారూ, ఇది డ్రిల్లా, నిజమా?"

"నిజమేనండీ."

అంతే! మరదలు బస్టాండు గొంతులోని ఊపిరంతా పెట్టి విజిల్ ఊదింది. వరండాలో ఒక్కరూ కదల్లేదు. ఆ విజిల్‌కి పరిగెత్తక్కర్లేదని ఆ ఆసుపత్రికి అప్పటికే డ్రిల్లు అయిపోయింది.