రాజుగారి కబురు అందిందా?

వెంకటపతిరాజుగారికి ఒక కబురుని ఒక్క దారిలో పంపడం చేతకాదు. భోజనానికి వస్తున్నానని భార్యకి ఫోన్ చేస్తారు, వెంటనే వాట్సాప్‌లో పెడతారు, అయినా మనసాగక స్కూటరు మీద మనిషిని పంపుతారు. ఆ మనిషి చేరేలోగా తనే వెళ్ళి గుమ్మంలో నిలబడి "అందిందా?" అంటారు.

"ఏంటండీ మీ గోల! మీరే వచ్చేశాక ఇంక కబురెందుకు?" అంటారు వరలక్ష్మమ్మగారు.

భీమవరం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో ఆయన కోల్డ్ స్టోరేజీ మేనేజరు. లోపల మైనస్ పద్దెనిమిది, ఫోన్లు పలకవు. పెట్టెలు సర్దే ఆడవాళ్ళకి మైకులో చెప్పి, బెల్లు కొట్టి, చీటీ పంపి, ఒక్కొక్కరూ గుమ్మంలోకొచ్చి "అందిందండీ" అనేదాకా కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటారు.

ఆయన చేతిలో పడింది డ్రోన్ల కంపెనీ ఇంజనీరు లక్ష్మీదుర్గ. పెట్టెలు లెక్కపెట్టడానికి ఎనిమిది బుల్లి డ్రోన్లు తెచ్చింది. ఇనప ర్యాకుల మధ్య సిగ్నలు అందదు కాబట్టి ఒక డ్రోను పక్కదానికి చెబితే, అది ఇంకోదానికి చెప్పి, అలా అలా గుమ్మం దగ్గరున్న కంప్యూటరుకి లెక్క చేరుస్తాయి. రెండు రోజులుగా ఆ లెక్క సగంలో ఆగిపోతోంది. ఎక్కడో దారి తెగుతోందని ప్రోగ్రాము తిరగరాసి తిరగరాసి ఆ పిల్లకి తిండి సయించడం లేదు. శనివారం ఓనరుగారి ముందు కూడా ఆగిందంటే ఆర్డరూ పోతుంది, తన ఉద్యోగమూ పోతుంది.

"మధ్యలోది పలక్కపోతే?" అన్నారు రాజుగారు.

"ఇంకో దారి వెతుక్కుంటుందండీ."

"అదీ పలక్కపోతే?"

"మూడో దారండీ."

"శభాష్! నా మనిషివేనమ్మా నువ్వు! మరి అందినట్టు ఎలా తెలుస్తుంది?"

"తిరుగు కబురు వస్తుందండీ."

"కుదరదు. పావుగంటకోసారి ఒక్కోటీ గుమ్మం దాకా వచ్చి కనబడాలి."

"డ్రోన్లు హాజరు పలకడమేంటండీ!"

టీ తాగుతుంటే అడిగారు. చెయ్యి కడుక్కుంటుంటే అడిగారు. ఆయన పోరు పడలేక ఆ ముక్క కూడా ప్రోగ్రాములో రాసిపారేసింది.

శనివారం ఎనిమిదీ ఎగిరాయి. వంతులవారీగా గుమ్మంలోకొచ్చి కాసేపు కూర్చుని వెళ్ళాయి. గంట దాటినా ఒక్కటీ ఆగలేదు, లెక్క చివరి పెట్టెదాకా వచ్చేసింది. లక్ష్మీదుర్గ అప్పుడే బయటికొచ్చి మంచుగడ్డలా ఉన్న ఒక డ్రోనుని చేత్తో తాకి చూసి నెత్తి కొట్టుకుంది. దారుల్లో తప్పేం లేదు. బ్యాటరీలు చలికి చచ్చుబడిపోతున్నాయి, బయటికొచ్చి వెచ్చబడితే మళ్ళీ లేస్తున్నాయి, అంతే!

"ఈ సంగతి మీకెలా తెలుసండీ?"

"నాకేం తెలుసమ్మా, నాదంతా కంగారు."

పెట్టెలు సర్దే బేబీ చేతులు రుద్దుకుంటూ నవ్వింది. "ఆయన చెప్పరు మేడమ్. లోపల నా వేళ్ళు కొయ్యబారిపోయిన రోజు నుంచీ మాకీ కబుర్లు మొదలయ్యాయండీ. ఊరికే బయటికొస్తే ఓనరుగారు ఊరుకోరు. కబురందిందని చెప్పడానికొస్తే ఏమంటారు?"

"బేబీ! మెల్లిగా!" రాజుగారి మొహం కందిపోయింది. వెనకాలే ఓనరుగారు.

"ఎవరు బయటికొస్తున్నారు?"

లక్ష్మీదుర్గ తడుముకోలేదు. "సిస్టమ్ రూలండీ. లోపల తిరిగేది డ్రోనైనా, మనిషైనా టైముకి గుమ్మంలోకొచ్చి కనబడాలి. లేకపోతే లెక్క ఆగిపోతుంది."

ఓనరుగారు కంప్యూటరు వంక చూశారు. పెట్టె ఒక్కటీ తప్పలేదు.

"రూలైతే రూలే. రాసి తలుపుకి అంటించండి."

లక్ష్మీదుర్గ కాగితం తీసింది. రాజుగారు వెనకనుంచి తొంగిచూసి గుసగుసగా అన్నారు: "పావుగంటని రాయకమ్మా. పది నిమిషాలని రాయి."