గుర్రానికి బొట్టు

ఒరే చిన్నా, ఆ ఫోన్ పక్కన పెట్టి ఇలా కూర్చో. సరిగ్గా విని, చెప్పింది చెప్పినట్టే రాయి. పత్రికకి పంపాలి.

తొంభైల మొదట్లో మీ తాతయ్య పరాయి దేశంలో, విక్టోరియాలో ఓ పల్లెలో డాక్టరు. మీ అమ్మకి నాలుగేళ్ళు. ఇంకా గుర్రాలతోనే దున్నే పేషెంటొకాయన మమ్మల్ని పొలానికి పిలిచాడు. అబ్బ, అవేం గుర్రాలురా! గిట్టల మీద తెల్లటి కుచ్చులతో, పొద్దుటి మంచులో మబ్బులు నడిచొస్తున్నట్టున్నాయి.

మనూళ్ళో ఏరువాకనాడు ఎడ్లకి బొట్టు పెట్టాకే అరక కడతారని దార్లో మీ అమ్మకి చెప్పా. అంతే! మేం టీ తాగుతుంటే నా బ్యాగులోంచి బొట్టుబిళ్ళ తీసుకుని, నాగలికి కట్టిన గుర్రం కాళ్ళ మధ్యకి దూరింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అరవబోతే రైతు భార్య నా చెయ్యి పట్టుకుంది. "డోంట్ షౌట్, లవ్. గుర్రం బెదిరిపోతుంది" అంది.

గుర్రం మెల్లగా తల వంచింది. దాని వెచ్చటి ఊపిరికి పిల్ల జుట్టు ఎగిరింది. పిల్ల దాని నుదుటి మీద ఎర్రబిళ్ళ అంటించి, దణ్ణం పెట్టి, నవ్వుకుంటూ వచ్చేసింది. ఆ పూటంతా అది బొట్టుతోనే దున్నింది. ఇప్పటికీ కళ్ళు మూస్తే మంచులో ఆ ఎరుపే తేలుతూ కనిపిస్తుంది. ఆరోజు అది గనక ఒక్క అడుగు వేసుంటే...

"అమ్మా, అన్నం చల్లారిపోతోంది!"

వస్తున్నానే! చూశావా, ఆ బొట్టు పెట్టినావిడే పిలుస్తోంది. పద, ముందు...