రాతిలో నత్త

నా చిన్నప్పుడు మా ఊరికీ నారాయణఖేడ్‌కూ మధ్య షేర్ ఆటోలు అప్పుడప్పుడే తిరగడం మొదలైంది. ఆ ఏడు వాన మొహం చాటేసింది. చేన్లో బావి తవ్వితే నీళ్లు పడలేదు గానీ, పగలగొట్టిన రాళ్లలో ఒకదాంట్లో నత్త కనిపించింది. చుట్టలు చుట్టుకుని, అచ్చం బతికున్నట్టే ఉంది.

నత్తలు ఎండాకాలం మూతి మూసుకుని మట్టిలో పడుకుంటాయి. అవి బయటికొస్తే వాన దగ్గర పడ్డట్టేనని మా ఇంట్లో అనుకునేవాళ్లు. వాన పడితే హైదరాబాద్‌కు కూలికి పోనక్కర్లేదు. అందుకని ఆ రాయిని పళ్లెంలో పెట్టి రోజూ తడిపాను. అంతటితో ఊరుకున్నానా, ఆదివారం చర్చి అయ్యాక నత్త లేస్తుందని వాడంతా చాటాను.

ఆదివారం జనం మా వాకిట్లో చేరారు. నత్త కదల్లేదు. "రాయి గుడ్లు పెడ్తదన్నా నమ్మెటట్టుండు గీడు" అని ఎవరో అనేసరికి అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లోకి పోయి గింజలు పోసుకునే ఖాళీ గుమ్మి వెనక దాక్కున్నాను.

ఖేడ్‌లో ఇంటర్ చదివే పక్కింటి అక్క, మేమంతా ఆపా అని పిలిచేవాళ్లం, వచ్చి నన్ను చెయ్యి పట్టి లేపింది. బోరు నీళ్లు కాచే గిన్నెలో అడుగున పేరుకున్న తెల్లటి పెచ్చును గోటితో పెకిలించి నా చేతిలో పెట్టింది.

"గిదేడికెల్లి వచ్చింది? నీళ్లల్లకెల్లే. నీళ్లల్ల కంటికి కానరాని రాయి ఉంటది."

మనుషులు పుట్టకముందెప్పుడో ఇక్కడ చెరువు ఉండేదట. చచ్చిన నత్త అడుగు బురదలో కూరుకుపోయిందట. మెత్తటి ఒళ్లు కుళ్లి, గుల్ల మిగిలింది. గుల్లలోనూ చుట్టూ ఉన్న బురదలోనూ నీళ్లు మోసుకొచ్చిన రాయి కొంచెం కొంచెంగా పేరుకుని అంతా ఒక్కటై గట్టిపడిందట.

"నువ్వు పిచ్చోనివి గాదు. సూస్తే బతికున్నట్టే ఉంటది. కానీ ఎన్ని నీళ్లు పోసినా లేవదు రా."

నాకు కాస్త ఊపిరాడింది. అప్పుడు గడప దగ్గర నిలబడ్డ నాన్న మెల్లగా అడిగాడు. "నిజంగనేనా బిడ్డా? అస్సలుకే లేవదా?"

ఆయన గొంతులో వెటకారం లేదు. అమ్మ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. "నువ్వు ఇంట్ల లేనప్పుడు మీ నాయిన గూడ దానికి నీళ్లు పోస్తుండె" అంది నాతో.

ఆ వారంలోనే మూటలు కట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాం. జనం నవ్విన సిగ్గు కొన్నాళ్లకు పోయింది. అంత పెద్దమనిషికి లేని ఆశ పుట్టించినందుకు మాత్రం దారిపొడవునా ఆయన మొహం చూడలేకపోయాను. అంతా మంచే అవుతుందిలే అని ఎవరికైనా చెప్పాల్సి వస్తే, ఇప్పటికీ ఆ మాట సగంలోనే ఆపేస్తాను.