చేతుల మీద నడక

మా అమ్మాయి ఫస్ట్ గ్రేడ్‌లో ఉన్నప్పుడు దాని చేతిరాత బాగుచేస్తానని నేను చేసిన నిర్వాకం తలుచుకుంటే ఇప్పటికీ తల వంచుకోవాలనిపిస్తుంది.

అప్పుడు మేము ప్లెయిన్స్‌బరో అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. సాయంత్రం ఆఫీసు పని ముగించి లాప్‌టాప్ మూయగానే పిల్లని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి ఒక పేజీ రాయించేవాణ్ణి. నాలుగు లైన్లకే పిల్ల బల్ల మీదికి వాలిపోయేది. అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయేవి.

"నాన్నా, చెయ్యి టైర్డ్ అయిపోయింది."

"పెన్సిల్ పట్టుకుంటే టైర్డ్ ఏంటి? లేజీ నువ్వు."

ఒకరోజు అదే పేజీ మూడుసార్లు రాయించాను. మూడోసారి సగంలో ఏడుపు మొదలుపెట్టింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఇంక చాలు, వదిలెయ్" అంది. నేను వదల్లేదు. ఆ కాగితాన్ని పిల్ల కళ్ళముందే చింపేశాను. ఈ సంగతి ఇన్నాళ్ళూ బయటివాళ్ళెవరికీ చెప్పలేదు.

కొన్ని వారాలకు స్కూల్లో టీచర్ పిలిచి, పిల్లల చేతుల పనితీరు చూసే థెరపిస్టుకి ఒకసారి చూపిస్తే మంచిదని చెప్పింది. థెరపిస్టు ఒక పెద్దావిడ. ఆవిడ పెన్సిలే ముట్టుకోలేదు. పిల్లని చాప మీద బోర్లా పడుకోబెట్టి, రెండు కాళ్ళూ పైకి పట్టుకుని, చేతుల మీద నడవమంది. మూడు అడుగులకే మోచేతులు మడతపడి పిల్ల కూలబడింది. కూలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"భుజాల్లో బలం చాలట్లేదు. భుజం ఆసరా ఇవ్వకపోతే వేళ్ళు ఎంతసేపని రాస్తాయి? బాగా ఆడించండి. ఎక్కనివ్వండి, వేలాడనివ్వండి, పాకనివ్వండి" అందావిడ. తర్వాత పిల్లవైపు తిరిగి, "పార్కులో మంకీ బార్స్ ఎక్కుతావా?" అని అడిగింది.

"నాన్న నో అంటాడు. పడిపోతానని" అంది అది.

నిజమే. అది వేలాడడానికి పైనున్న కమ్మీ పట్టుకోవడం ఆలస్యం, నడుం పట్టుకుని కిందికి దించేసేవాణ్ణి. వేలాడనివ్వనిదీ నేనే, చేతుల్లో సత్తువ లేదని లేజీ అన్నదీ నేనే.

ఆరోజు నుంచి మా హాల్లో రోజూ ఆటలే. బట్టల బుట్ట నిండా పుస్తకాలు వేసి కార్పెట్ మీద నెట్టేది. టవల్ ఒక కొస తను, ఒక కొస నేను పట్టుకుని లాక్కునేవాళ్ళం. ఎండగా ఉంటే పార్కు గడ్డిలో దాని కాళ్ళు పట్టుకుని చేతుల మీద నడిపించేవాణ్ణి.

ఒక ఆదివారం అలా నడిపిస్తుంటే పక్క బిల్డింగ్‌లో ఉండే తెలుగావిడ ఒకరు ఆగి, "ఏంటండీ ఈ ఎక్సర్‌సైజ్?" అని అడిగారు. థెరపీ అనడానికి నోరు రాలేదు. "జిమ్నాస్టిక్స్‌లో చేర్పిద్దామనుకుంటున్నామండీ, దానికి ప్రాక్టీస్" అన్నాను.

పిల్ల గడ్డిలోంచి తల ఎత్తింది. "కాదు ఆంటీ. నా షోల్డర్స్ వీక్. అందుకే నేనూ నాన్నా ఆడుతున్నాం."

ఆవిడ "ఓ, గుడ్" అని వెళ్ళిపోయింది. నేను చెమట తుడుచుకున్నాను. దానికి సిగ్గు లేని విషయానికి నేను సిగ్గుపడ్డాను. అది అర్థమయ్యాక వచ్చిన సిగ్గు అంతకన్నా పెద్దది.

ఇంటికి నడుస్తూ, "నిన్ను లేజీ అన్నాను కదా, అది తప్పు. సారీ" అన్నాను.

"ఇట్స్ ఓకే." నాలుగు అడుగులు వేశాక మళ్ళీ అంది: "బట్ నువ్వు టేర్ చేసిన పేజ్‌లో జీ లెటర్ మంచిగా వచ్చింది. అమ్మకి చూపిద్దామనుకున్నా."

ఆ కాగితం మీద నేను ఒక్క అక్షరం కూడా సరిగా చూడలేదు.

ఆకులు రాలే రోజులకల్లా అది మంకీ బార్స్ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళగలిగింది. అరచేతుల్లో కాయలు కాశాయి. వాటిని క్లాసులో అందరికీ చూపించుకుందట. చేతిరాత ఇప్పటికీ ముత్యాల్లాగేం ఉండదు, కానీ పేజీ నిండుతుంది. అప్పుడప్పుడు రాస్తూ మధ్యలో ఆగి చెయ్యి విదిలిస్తుంది. అప్పుడు నేను లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిస్తాను.